తీర్థమైన మోకాళ్ళ నూనె

ఆ ఆదివారం వేంకటాచలపతి పెట్టుకున్న పని చాలా చిన్నది. స్నానం, సంధ్యావందనం ముగించి, మోకాళ్ళ నూనె ఒక చెంచా తాగి, పేపరు చదువుకోవాలి. కూతురు శ్రీరంజని బ్యాంకు పరీక్ష పాసైతే అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని ఆయన మొక్కుకున్నాడు. ఆమె పాసై, నగరి బ్రాంచిలో చేరి మూడేళ్ళయింది. ఇంతలో ఆయన రెండుసార్లు బయలుదేరి, రెండుసార్లూ గాలిగోపురం చేరకముందే మోకాళ్ళు పట్టుకుని దిగి వచ్చేశాడు. దేవుడికిచ్చిన మాట తప్పుతున్నానని ఆయనకు నిజంగానే భయం, సిగ్గు కూడా. అందుకే నెల తిరిగేసరికి వచ్చే శనివారం ఖాయం చేసుకుని, ఫోనులో ప్రకటన చూసి, మూడు వేల ఆరువందలకు మూలికా తైలం తెప్పించాడు. మూడు సీసాలు, ముప్పై రోజుల కోర్సు.

కానీ ఆ ఇంట్లో కొత్త బియ్యమైనా, కొత్త పెన్నైనా ముందు స్వామి ఎదుట పెట్టనిదే వాడరు. భార్య వరదమ్మ సీసాలకు పసుపు రాసి, సరిగ్గా చిన్న అక్షరాలున్న చోటే తిరునామం దిద్ది, వెండి గిన్నెలోకి కాస్త నూనె వంచి నివేదన చేసింది. నివేదన అయ్యాక ఆ రోజుకి మళ్ళీ సీసా మూత తీయకూడదు. ఇంటాయన అందరికన్నా చివర్న తీసుకోవాలి. ఇవి ఆమె అత్తగారి నాటి నియమాలు, వాటి మీద అప్పీలు లేదు.

అప్పుడే పక్కింటి మునిప్రసాద్, బస్సు కండక్టరుగా రిటైరైనవాడు, పేపరు కోసం వచ్చాడు. పూజ వేళ వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపకూడదని వరదమ్మ ఉద్ధరిణితో అతని అరచేతిలో నూనె పోసింది. తీర్థం మూడుసార్లు కదా, మూడుసార్లూ పోసింది.

"ఇదేం తీర్థమమ్మా, ఇంత చిక్కగా ఉండాదే?"

"స్వామికి నివేదించిన తైలం. మోకాళ్ళ నొప్పులకు మంచిదట."

మునిప్రసాద్ చేతికంటిన తడి తలకు రాసుకుని వెళ్ళాడు. గిన్నె ఖాళీ అయింది.

"మరి నాకు?" అన్నాడు వేంకటాచలపతి.

"మీకు రేపండీ" అంది వరదమ్మ.

మర్నాడు ఏడుగురు వచ్చారు. ఆమె ఇంకాస్త పెద్ద గిన్నె పెట్టింది. ఆ మర్నాడు పదమూడు మంది వచ్చారు. సీసాలు నిండుకుంటే మళ్ళీ తెప్పించడం ఆయన వంతే అయింది. గురువారానికల్లా ఆ నూనె కొండపై నుంచే వస్తున్నదని వీధిలో రూఢి అయిపోయింది. అది డబ్బు పెట్టి తెప్పించిన మందురా నాయనా అనే మాట ఆయనకు రోజూ నోటిదాకా వచ్చేది. కళ్ళకద్దుకునే చేతుల్ని చూసి మింగేసేవాడు. ఆ నెలలో ఆయన మింగగలిగింది అదొక్కటే.

తన నూనె పదిమంది నోట్లో పడటం చూడలేక, ఆ వేళకు చెప్పులేసుకుని బయటపడటం మొదలుపెట్టాడు. కోపం చల్లారిన చోట వెనక్కి తిరుగుదామనుకునేవాడు. అది నాలుగైదు కిలోమీటర్ల అవతలి తిరుచానూరు దాకా చల్లారేది కాదు.

రెండో వారంలో వీధి వీధంతా విరేచనాలు పట్టుకున్నాయి.

"లోపలుండే సెడంతా పోతా ఉండాది సామీ. అదీ దాని మహిమ" అన్నాడు మునిప్రసాద్, మాట పూర్తికాకుండానే ఇంట్లోకి పరుగెత్తుతూ.

అనుకున్న శనివారం రానే వచ్చింది. ఉదయం ఏడింటికి వేంకటాచలపతి సంచి భుజాన వేసుకుని గుమ్మం దాటేసరికి, ఎదురుగా మునిప్రసాద్. గడ్డానికి అదిమిపెట్టిన తువ్వాలు ఎర్రగా తడిసి ఉంది.

"గడ్డం గీసుకుంటా ఉంటే రవ్వంత తెగింది సామీ. గంటైంది, ఇంకా కారతానే ఉండాది."

వేంకటాచలపతి సంచి అక్కడే పడేసి, అతన్ని పట్టుకుని వీధి చివర అపార్ట్‌మెంటులో ఉండే, అతనికి ఎప్పుడూ మందులు రాసే డాక్టరు రూపశ్రీ దగ్గరికి తీసుకుపోయాడు. లిఫ్టు పనిచేయడం లేదు. ఇంచుమించు మోసుకుంటూనే మూడో అంతస్తు ఎక్కించాడు.

డాక్టరు గాయం మీద దూది అదిమింది. "గుండెకు స్టెంటు వేసినారు, రక్తం పలచబడే మాత్రలు వాడతా ఉన్నారు. ఇంకేమైనా మందులు తీసుకుంటా ఉన్నారా?"

"లేదు మేడం. వట్టి తీర్థమే."

నోరు మూసుకుంటే ఇంటి పరువు దక్కుతుంది. వేంకటాచలపతి మాత్రం ఎర్రగా తడిసిన తువ్వాలు వైపు చూశాడు. "అది తీర్థం కాదు మేడం. నా మోకాళ్ళ నూనె" అన్నాడు.

ఫోను అందుకున్న వరదమ్మ సీసాతో రొప్పుతూ వచ్చింది. డాక్టరు తిరునామం తుడిచి చదివింది. "రోజుకు అర చెంచా, భోజనం తర్వాత. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు తీసుకోరాదు. ఇందులో ఉన్నవి: ఆముదం, నల్ల జీలకర్ర, వాసన తీసిన వెల్లుల్లి."

వరదమ్మ లెంపలు వేసుకుంది. "వెల్లుల్లా? స్వామికా?"

కాసేపటికి రక్తం నిలిచింది. ఆ నూనె ఇక ఎవరూ ముట్టొద్దని, దానితో నొప్పులు తగ్గుతాయనడానికి గట్టి ఆధారమేమీ లేదని చెప్పి, డాక్టరు వేంకటాచలపతి వైపు తిరిగింది.

"మీరెంత తాగినారు సార్?"

"చుక్క కూడా దక్కలేదు."

"మరి ఈయన్ని పట్టుకుని మూడంతస్తులు ఎట్లా ఎక్కినారు?"

ఆయన అప్పుడు మోకాళ్ళు తడిమి చూసుకున్నాడు. నొప్పి లేదు. "రోజూ తిరుచానూరు దాకా నడుస్తున్నాను మేడం. కోపంతో."

"అదే మందు. మానొద్దండి."

ఆ రోజే ఆయన అలిపిరి నుంచి కొండెక్కాడు. ఆగి ఆగి ఎక్కాడు గాని, ఒక్క మెట్టూ ఎగ్గొట్టలేదు. పైన నిలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు, సంతోషంతోనే.

మర్నాడు సాయంత్రం దిగి వచ్చేసరికి ఇంటి ముందు జనం బారులు తీరి ఉన్నారు. తీర్థం కాకపోతేనేం, సామి మోకాళ్ళను బాగుచేసిన ఆ నూనె ఏ అంగట్లో దొరుకుతుందో చెబితే తామే కొనుక్కుంటామన్నారు. వరసలో మొదట నిలబడింది మునిప్రసాద్, గడ్డానికి పట్టీతో.