లైకుల గుట్టు, సంచుల కుట్టు

“మిత్రమా! ఈ లోకంలో నేరస్థులు లక్షలమంది ఉన్నారు. వాళ్ళ గుండెల్లో నిద్రపోయేవాడు మాత్రం ఒక్కడే. ఆ ఒక్కడూ ఇప్పుడు నీ ఎదుట నిలబడి ఉన్నాడు” అన్నాడు డేగ.

నిలబడి ఉన్నమాట నిజమే. కొరియర్ ఆఫీసులో నా కౌంటర్ ముందు, పార్సిళ్ళు పట్టుకుని వచ్చినవాళ్ళ వరసకి అడ్డంగా, నా బిస్కెట్ల పొట్లం ఖాళీ చేస్తూ నిలబడి ఉన్నాడు.

“ముందు పక్కకి జరుగు. వెనక జనం ఉన్నారు” అన్నాను.

డేగ అనేది వాడు తనకి తానే పెట్టుకున్న పేరు. అపరాధ పరిశోధకుడికి డేగ కన్ను ఉండి తీరాలట. కళ్ళజోడు తీసేస్తే ఎదురుగా ఉన్నది మనిషో బీరువానో పోల్చుకోలేడు, అది వేరే సంగతి. పగలు కళ్ళద్దాల షాపులో ఫ్రేములు తుడుస్తాడు. ఖాళీ దొరికితే నేరాల కోసం వెతుకుతాడు. ఇంతవరకు వాడు పట్టుకున్న ఒకే ఒక్క దొంగ ఆ షాపు ఓనరు. పాపం, ఆయన తన షట్టరు తనే తీసుకుంటుంటే వీడు వెనకనుంచి వాటేసుకుని “దొంగ! దొంగ!” అని వీధి వీధంతా పోగుచేశాడు. ఉద్యోగం ఎందుకు ఊడలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

వాడి లెక్కలో నేను సహాయకుణ్ణి. నా లెక్కలో మాత్రం బడిలో వాడి పక్కన కూర్చున్న పాపానికి ఇప్పటికీ అనుభవిస్తున్నవాణ్ణి.

“కేసు మామూలుది కాదు. మా అక్క ఆర్డర్లు ఎవరో కొట్టేస్తున్నారు” అన్నాడు గొంతు తగ్గించి.

ఈసారి నాకు నవ్వు రాలేదు. వాళ్ళ అక్క అంటే నాకూ అక్కే. ఉద్యోగం మానేసి మరీ దళసరి గుడ్డతో చేతిసంచులు కుట్టి ఆన్‌లైన్లో అమ్మడం మొదలుపెట్టింది. మొదట్లో తెలిసినవాళ్ళు మొహమాటానికి కొన్నారు. ఆ పార్సిళ్ళన్నీ నా చేతుల మీదుగానే వెళ్ళాయి. తర్వాత తెలిసినవాళ్ళు అయిపోయారు. ఈమధ్య అక్క మా కౌంటర్ వైపు రావడమే మానేసింది. దారిలో కనబడితే “పని ఎక్కువగా ఉందిరా” అనేది, కళ్ళు పక్కకి తిప్పుకుని.

“ఇవాళ టైలరు వచ్చి కుట్టుమెషిను పట్టుకుపోతాడు. అమ్మేస్తోంది” అన్నాడు డేగ. బిస్కెట్లు తినడం ఆపేశాడు. “రేపట్నించి మళ్ళీ ఆ పాత ఆఫీసుకే వెళ్తుందట. రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదురా.”

భోజనానికి లేచే వేళయింది. “పద” అన్నాను.

అక్కావాళ్ళ ముందుగదే కుట్టుగది. ఒక గోడ నిండా సంచులు వేలాడుతున్నాయి. మెషిను మీద గుడ్డ కప్పేసి ఉంది. అక్క పక్కగదిలో మిగిలిన దారపుండలు అట్టపెట్టెలో సర్దుతోంది. మమ్మల్ని చూసి తలూపిందే తప్ప మాట్లాడలేదు. బావ ఆమె ఫోనుని స్టాండుకి బిగిస్తున్నాడు. బావ పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు. అక్క పేజీలో పెట్టే వీడియోలన్నీ ఆయన తీసినవే.

“నేరస్థలం చూపించండి” అన్నాడు డేగ.

“ఏ స్థలం?”

“వీడియోలు బావా, వీడియోలు!”

బావ ఉత్సాహంగా ఒకటి చూపించాడు. కిటికీలోంచి ఎండ పడుతోంది. పూలపూల కర్టెన్ నిదానంగా, మహా నిదానంగా ఊగుతోంది. వెనకనుంచి వేణువు. టీకప్పులోంచి ఆవిరి లేచింది. అక్క చెయ్యి ఒకటి వచ్చి వెళ్ళింది. అంతే, అయిపోయింది.

“సంచి ఏది బావా?” అన్నాను.

“ఆ మూలన మసగ్గా లేదూ? అదే అందం. పెళ్ళి వీడియోలో పెళ్ళికూతుర్ని వేలు పెట్టి చూపిస్తామా? చూసేవాళ్ళకి తెలీదూ?”

అంత బాగా తీసేవాడికి ఎదురుచెప్పడానికి నేనెవర్ని?

“లైకులు చూడు మిత్రమా, వేలకి వేలు!” డేగ గదిలో పచార్లు మొదలుపెట్టాడు. “ఇంతమంది చూస్తే ఒక్క ఆర్డరు రాదా? వస్తోంది. వచ్చి దారిలో మాయమవుతోంది. ఆ దారిలో మాటువేసిన కాలనాగు ఎవరు?” చటుక్కున ఆగి నావైపు వేలు చూపించాడు. “కొరియర్!”

“ఒరేయ్! ఆర్డరు వచ్చాక కదరా కొరియరు!”

“ఊఁ. నిన్ను ప్రస్తుతానికి వదిలేస్తున్నాను. ఊరు దాటి వెళ్ళకు.”

“మధ్యాహ్నం డ్యూటీ ఉంది, ఎక్కడికి వెళ్తాను!”

వాడు వినలేదు. తన ఫోను ముక్కుకి ఆనించుకుని వీడియో కింద జనం రాసిన కామెంట్లు చదువుతున్నాడు. “‘ఆ కర్టెన్ ఎక్కడ కొన్నారు?’ ఆహా. ‘కర్టెన్ చాలా బాగుంది.’ ఓహో. ‘కర్టెన్ గుడ్డ మీటరెంత?’ మిత్రమా! అన్నీ కర్టెన్లే! ఇవి మామూలు మాటలు కావు, సంకేతాలు. ఇది కర్టెన్ ముఠా పని! ఆ కర్టెన్ వెనక ఏదో ఉంది!”

“కిటికీ ఉంది” అన్నాడు బావ, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్తూ.

ఆయన అటు వెళ్ళగానే డేగ స్టాండుని కర్టెన్ వైపు తిప్పాడు. “రహస్య కెమెరా! ముఠా మనిషి ఎవడైనా సరే ఇందులో చిక్కాల్సిందే” అంటూ అక్క ఫోను మీద ఏదో నొక్కాడు. మూల ఒక ఎర్రచుక్క వెలిగింది. తర్వాత గోడమీదనుంచి ఒక సంచి తీసి పరిశోధన సామగ్రి నింపసాగాడు. టార్చిలైటు, భూతద్దం, తాడుచుట్ట, సుత్తి, నీళ్ళసీసా, చివరికి అక్క ఇస్త్రీపెట్టె.

“ఇస్త్రీపెట్టె ఎందుకురా?”

“వేలిముద్రలు చెరిగిపోకుండా వేడి చూపించాలి.”

“అలాగని ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పకుండా తెలిసినవాణ్ణే మేధావి అంటారు.”

సంచి పట్టీని మెడమీదుగా చంకలోకి వేసుకుని స్టూలెక్కాడు. కర్టెన్ పైఅంచు పట్టుకుని వెనక్కి తొంగిచూశాడు. స్టూలు పక్కకి ఒరిగింది. కర్టెన్ కడ్డీ ఊడి కిందపడింది. కడ్డీని మోసే ఇనప కొక్కెం మాత్రం గోడకే ఉంది. సంచి పట్టీ సరిగ్గా దానికి తగులుకుంది. వాడు గాల్లో వేలాడుతున్నాడు, నెత్తిమీద కర్టెన్ కప్పుకుని.

“మిత్రమా! ముఠా నా మొహానికి ముసుగేసింది!”

“కదలకురా బాబూ!” పరిగెత్తి కాళ్ళు పట్టుకున్నాను. వాడు ముఠా అనుకుని నన్ను తన్నాడు. “అక్కా! తొందరగా రా! సంచి తెగిపోతోంది!”

అప్పటిదాకా నోరు విప్పని అక్క ఆ ఒక్క మాటకి గుమ్మంలోకి దూసుకొచ్చింది.

“ఏంటీ? తెగిపోతోందా? నా సంచా?” నడుంమీద చేతులు పెట్టుకుంది. “ఎవడన్నాడురా ఆ మాట? పట్టీకి రెండు వరసల కుట్టు వేశాను. పట్టీ అతికిన చోట అడ్డకుట్టు వేరే. వాడూ, వాడు మింగే బిస్కెట్లూ, ఆ ఇస్త్రీపెట్టె, అన్నీ కలిసి వేలాడినా దారప్పోగు కదల్దు! చూడు!” అంటూ వాడి నడుం పట్టుకుని కిందికి ఒక్క గుంజు గుంజింది.

“అక్కా, చచ్చాను!”

“సంచి తెగిందా?”

“లేదు!”

“లోపల ఇంకో జేబుంది, ఫోను పెట్టుకోవడానికి. నీళ్ళలో ఉతికినా రంగు పోదు. ఇంత గట్టి సంచి ఈ ధరకి ఎవడిస్తాడో చెప్పు!” అని ధర కూడా కోపంగానే చెప్పేసింది. ఆ తర్వాత వాడి నడుం వదిలేసింది. “ఒక్కో సంచికీ ప్రాణం పెట్టి కుట్టానురా. కొన్న వాళ్ళెవరూ ఇంతవరకు వంక పెట్టలేదు. అయినా ఎవరికీ ఎందుకు అక్కర్లేదో నాకు అర్థం కావట్లేదు.”

వాడి కాళ్ళు పట్టుకుని అలాగే నిలబడ్డాను. అంతలో స్టాండు మీది ఫోను టింగుమంది. మరోసారి టింగుమంది. తర్వాత ఆగకుండా మోగుతూనే ఉంది.

టీకప్పులతో వచ్చిన బావ ఫోనులోకి చూసి కప్పులు కింద పెట్టేశాడు. “ఒరేయ్, నువ్వు నొక్కింది రికార్డింగ్ కాదు. లైవు! ఇదంతా జనం చూస్తున్నారు!”

“ముఠా కూడానా?” అన్నాడు డేగ కర్టెన్‌లోంచి.

బావ గట్టిగా చదవసాగాడు. “‘వేలాడే ఆయన సంగతి సరే, ఆ సంచి ఎక్కడ దొరుకుతుంది?’ ‘ఇస్త్రీపెట్టె పట్టే సంచి నాకు రెండు కావాలి.’ ‘లోపలి జేబు ఒకసారి చూపించండి.’ ‘అయ్యో, మీరు సంచులు అమ్ముతారా? ఇన్నాళ్ళూ కర్టెన్ల షాపనుకున్నాను!’”

ఆ చివరి మాట చదివి బావ తలెత్తాడు. అక్క మొహంలోకి చూశాడు. “నాదే తప్పు. ఇన్నాళ్ళూ ఊరేగింపంతా తీసి పెళ్ళికూతుర్ని వదిలేశాను.”

“బాధపడడం తర్వాత. ముందు ఎక్కడ కొనాలో ఆ లింకు పెట్టండి!” అంది అక్క.

బావ లింకు పెట్టాడు. నేను డేగని కొక్కెం మీదనుంచి దించాను. దిగీ దిగగానే వాడు కాలరు సర్దుకున్నాడు.

“కేసు ముగిసింది మిత్రమా. అంతా నా పథకం ప్రకారమే జరిగింది.”

“ఏ పథకం?”

“అది ఇంకా ఆలోచించలేదు.”

అప్పుడు గుమ్మంలో ఎవరో దగ్గారు. టైలరు. ఎప్పట్నించి నిలబడి ఉన్నాడో ఏమో. “అమ్మా, బండి బయట ఆపాను. మెషిను ఎత్తించమంటారా?”

అక్క వెళ్ళి మెషిను మీది గుడ్డ తీసేసింది. దానిమీద చెయ్యి వేసి, “ఏమనుకోకండి అన్నయ్యా. ఇది ఇవ్వలేను” అంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. సూదిలోకి దారం ఎక్కించబోయింది. కళ్ళనిండా నీళ్ళు. దారం అటూ ఇటూ పోతోంది తప్ప సూదిలోకి వెళ్ళడం లేదు.

“ఇలా తే. డేగ కన్ను ఉన్నది ఎందుకు?” అని తమ్ముడు ముందుకొచ్చి, సూది ఎక్కడుందో వెతికి, వేలు పొడుచుకున్నాడు.

టైలరు చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. “జరగండి బాబూ” అని వాణ్ణి పక్కకి నెట్టి, దారం కొస నాలికమీద తడిపి, ఒక్కసారికే సూదిలోకి ఎక్కించాడు.

“కుట్టండమ్మా. నేను ఇంకో మెషిను చూసుకుంటాను” అన్నాడు.