మా ఊరి గాలికి ఫస్ట్ క్లాసు

దుమ్మును తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. దుమ్ము మా ఊరికి దొరికిన వరం!

నవ్వకండి. మాది కొండల మధ్య ఇరుక్కున్న చిన్న ఊరు. వానలు అంతంతమాత్రం. చలి తగ్గి గాలి మొదలైందంటే చాలు, కొండ మీది కంకర క్వారీ మొత్తం మెల్లగా ఊళ్లోకి కాపురానికి దిగుతుంది. మళ్లీ తొలకరి పడేదాకా కదలదు. పెద్ద పెద్ద నగరాల్లో జనం కంటికి కనపడని విషం పీలుస్తున్నారట, పాపం. మాకా బాధ లేదు. మేం పీల్చేదేమిటో మాకు కళ్లారా కనిపిస్తుంది. ఇంత పారదర్శకత ఇంకెక్కడైనా ఉందా?

లాభాలు చెప్పమంటారా? మా అమ్మాయికి పలక కొనే పని తప్పింది. ఒకటో క్లాసు పిల్ల, అక్షరాలన్నీ డైనింగ్ టేబుల్ మీద వేలితోనే దిద్దింది. దొంగలు వృత్తి మానేశారు. గచ్చు మీద అడుగు పెడితే చెప్పు సైజుతో సహా దొరికిపోతారు మరి! జుట్టుకు రంగేయమంటే మా బార్బర్ ముందు తల కడిగి చూసి, ఇంకా నెరవలేదు పొమ్మంటాడు. మొన్నటికి మొన్న కౌన్సిలరుగారు మైకు ముందు నిలబడి, నమస్కారం పెట్టి, నోరు తెరిచారు. అంతే, దగ్గు పట్టుకుని స్టేజీ దిగిపోయారు. ఉపన్యాసాన్ని నమస్కారం దగ్గరే ఆపగల శక్తి ఇంకే ఋతువుకుంది?

అయినా గిట్టనివాళ్లు ఊరుకుంటారా! అర్జీల మీద అర్జీలు పెట్టారు. పోరు పడలేక మున్సిపల్ ఆఫీసు తోటలో గాలిని కొలిచే మెషిన్ పెట్టారు. పెట్టి వదిలేశారనుకునేరు. సున్నితమైన వస్తువాయె, దుమ్ము పడితే పాడైపోదూ? అందుకని చుట్టూ పచ్చగడ్డి పెంచారు. నాలుగువైపులా వల కట్టారు. తెల్లారేసరికి ట్యాంకర్ వచ్చి ఆ చుట్టుపక్కల నేలంతా తడిపి వెళ్తుంది. మా వీధికి రావలసిన ట్యాంకరే లెండి, పెద్ద మనసు చేసుకుని వదిలేశాం. మెషిన్ ఆ చల్లగాలి కడుపునిండా పీల్చి, ‘బాగుంది’ అంటుంది. ఆ మాట గేటు బయట బోర్డు మీద ఎర్రగా వెలుగుతుంది.

ఇక ఊరంతా ఆ బోర్డు చెప్పిందే వేదం. బడిలో డ్రిల్లు గ్రౌండులోనా, గదిలోనా అన్నది హెడ్‌మిస్ట్రెస్ గారు బోర్డు చూసే తేలుస్తారు. బాగుందంటే గ్రౌండు. గదిలో డ్రిల్లు ఇప్పటిదాకా జరగలేదు. మా అమ్మాయికి ఉబ్బసం, దుమ్ము అసలు పడదు, కాస్త లోపల కూర్చోబెట్టండి మేడమ్ అని బతిమాలాను.

ఆవిడ ఎంతో మెత్తగా అన్నారు: “బోర్డు మీద బాగుందనే ఉందండీ. మీ పాపకే ఎందుకో పడటం లేదు.”

నిజమే, తప్పు పిల్లదే! ఊరి గాలి ఫస్ట్ క్లాసులో పాసయ్యాక కూడా దగ్గుతోందంటే, క్రమశిక్షణ లేకపోవడం కాక మరేమిటి?

ఈమధ్యే ఒకరోజు డ్రిల్లు మాస్టారు పిల్లను రెండు చేతుల మీద ఎత్తుకొచ్చారు. పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెదాలు నీలిరంగు తిరిగాయి. నేనూ మా ఆవిడా ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. ఈ ఒక్కటీ వేళాకోళానికి చెప్పడం లేదు. డాక్టరుగారు నెబ్యులైజర్ పెట్టి, గండం గట్టెక్కాక, మందు తన వంతనీ, మంచి గాలి తగిలేలా చూసుకోవడం మా వంతనీ చెప్పి పంపారు.

మా ఆవిడ చూసుకుంది. నాలాగా వ్యంగ్యాలు ఆవిడకు రావు, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. ఆటోను ఇంటివైపు తిప్పనివ్వకుండా తిన్నగా మున్సిపల్ ఆఫీసుకు పోనిమ్మంది. ఊళ్లో మంచి గాలి ఉన్నది అక్కడే కదా! వల పక్కకు జరిపి, మెషిన్ కింద తడి గడ్డి మీద చతికిలబడి, పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుంది. కాసేపటికి పిల్ల గుండెలు నెమ్మదించాయి. కళ్లు మూతలు పడ్డాయి. దగ్గు లేని నిద్ర చూసి ఎన్నాళ్లయిందో. మేమిద్దరం చూస్తూ కూర్చున్నాం.

వాచ్‌మన్ పరుగున వచ్చాడు. మంచివాడే, చేతులు నలుపుకుంటూ చెప్పాడు.

“ఇక్కడ కూర్చోకూడదమ్మా. మీరు అటూ ఇటూ మసిలితే దుమ్ము లేస్తుంది. మెషిన్ పీల్చేస్తుంది.”

“పీలిస్తే ఏమవుతుంది?” అంది మా ఆవిడ.

“పాడైపోతుందమ్మా. పెద్దసారు నా ఉద్యోగం పీకేస్తారు.”

ఆవిడ పిల్లను భుజాన వేసుకుని లేచింది. గేటు దాటి రోడ్డెక్కామో లేదో, పిల్ల దగ్గుతూ లేచింది.

కాబట్టి పెద్దసారుకు ఒక మనవి. దుమ్మును ఆపమని నేనడగను, ఆ శ్రమ మీకెందుకు? క్వారీ జోలికి వెళ్లమని అసలే అడగను, అది ఎవరి బావమరిదిదో ఊరందరికీ తెలుసు. ఆ మెషిన్‌ను తీసుకొచ్చి మా అమ్మాయి బడి గ్రౌండులో పెట్టించండి, చాలు. అక్కడి గాలి కొలవమని కాదు సార్. పిల్లలున్న చోటికి ట్యాంకర్ ఎలాగూ పంపరు, మెషిన్ ఉన్న చోటికైతే పంపుతారని.