ముప్ఫై ఎనిమిది మంది చూసిన దొంగ

ఆ రోజు పొద్దున పిచ్చుక చేయవలసిన పని ఒక్కటే. తొమ్మిదిన్నరకి కాలేజీలో ఆరో నంబరు గదిలోకి వెళ్ళి, బల్ల మీదున్న బ్యాగు ఎత్తుకుని పారిపోవాలి.

"ఎక్కడికే ఇంత పొద్దున్నే?" అంది అమ్మ.

"దొంగతనానికమ్మా."

"సరే, రెండు ముద్దలు తిని వెళ్ళు."

అమ్మకి అలవాటైపోయింది. మనసు గురించీ మెదడు గురించీ చదివే ఆ డిగ్రీలో ప్రతీదీ చేసి నేర్చుకోవాలి. నిద్ర మీద పాఠమైనప్పుడు పిచ్చుక వాళ్ళ నాన్నని వారం రోజులు గంటగంటకీ లేపింది. మెదడు తరంగాల పాఠానికి బామ్మని ల్యాబుకి తీసుకెళ్ళి తలకి జిగురు పూసి తీగలు అంటించింది. వాటితో పోలిస్తే దొంగతనం ఇంటిల్లిపాదికీ సుఖం.

ఈసారి పాఠం జ్ఞాపకం మీద. కళ్ళారా చూసినవాళ్ళు చూసింది ఎంత సరిగ్గా చెబుతారో తేల్చాలి. మేడమ్ మొదటి సంవత్సరం వాళ్ళకి పాఠం చెబుతుండగా దొంగ వచ్చిపోతే, వెంటనే అందరూ తాము చూసింది రాయాలి. దొంగగా పిచ్చుకని ఎంచుకోవడానికి కారణం, రెండేళ్ళుగా అదే కాలేజీలో తిరుగుతున్నా ఆమెను ఎవరూ గమనించకపోవడమే. మనిషి అయిదడుగులు లేదు. గొంతు అంతకన్నా చిన్నది.

"ఎవరి మొహం వంకా చూడకు. చూశావంటే నవ్వేస్తావు," అని మేడమ్ మరీ మరీ చెప్పారు.

పిచ్చుక ఎవరి మొహం వంకా చూడలేదు. అందుకే, ఆరో నంబరు గదిలో ప్రొజెక్టరు మొరాయించి మేడమ్ క్లాసు పై అంతస్తుకి మారిందనీ, ఖాళీగా ఉంది కదాని స్టాటిస్టిక్స్ మాస్టారు తన పిల్లల్ని అందులో కూర్చోబెట్టారనీ ఆమెకి తెలియలేదు. మాస్టారు బోర్డు వైపు తిరిగి ఏదో సూత్రం రాస్తున్నారు. పిచ్చుక టకటకా వెళ్ళి, బ్యాగు చంకన పెట్టుకుని, టకటకా వచ్చేసింది.

ముందు అనుకున్నట్టే ల్యాబులో కూర్చుంది. పావుగంటైనా మేడమ్ రాలేదు. అనుమానమొచ్చి బ్యాగు తెరిస్తే లోపల ఒక కళ్ళజోడు, ఒక టిఫిన్ డబ్బా, దారంతో కట్టిన పరీక్ష పేపర్ల కట్ట ఉన్నాయి. కట్టలో పైనుంచి నాలుగోది తనదే. ఇంకా దిద్దలేదు. పరీక్ష పేపర్లు ఎత్తుకుపోయినవాళ్ళని ఆ కాలేజీ ఒక్క రోజు కూడా ఉంచుకోదు.

బ్యాగు గుండెలకి హత్తుకుని ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తింది. అక్కడ అప్పటికే దొంగ దొరికిపోయాడు.

ప్రింటర్లు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ అతను. ఆరడుగుల మనిషి, ఎర్ర చొక్కా, గుబురు మీసాలు. గోల విని ఏమైందోనని వరండాలోకి రావడమే అతను చేసిన నేరం. ముందు బెంచీ కుర్రాడు "అడుగో, ఎర్ర చొక్కా," అన్నాడు. రెండో బెంచీకి మీసాలు గుర్తొచ్చాయి. మూడో బెంచీ దగ్గరికి వచ్చేసరికి అతను కిటికీలోంచి దూకాడు. నలభై మందిలో ముప్ఫై ఎనిమిది మంది కాగితం మీద సంతకాలు చేశారు. మిగతా ఇద్దరూ ఆ సమయానికి నిద్రలో ఉన్నారు.

"బ్యాగు తీసింది నేనండీ," అంది పిచ్చుక.

ఎవరికీ వినబడలేదు. ఇంకోసారి అంది.

ప్రిన్సిపాల్ ఆమెనీ బ్యాగునీ మార్చి మార్చి చూసి, "దొంగ దగ్గర్నుంచి లాక్కొచ్చావా తల్లీ?" అన్నారు.

"కాదండీ, నేనే దొంగని. ప్రాక్టికల్స్ కోసం."

"మీరు కాదక్కా, మేం చూశాంగా," అంది అక్కడున్న ఒక అమ్మాయి. "పాపం, ఆయన్ని కాపాడదామని చెబుతోందండీ."

ప్రిన్సిపాల్ కళ్ళు చెమర్చాయి. ఈ అమ్మాయి ధైర్యానికి ప్రశంసాపత్రం ఇవ్వాలి, రాసిపెట్టమని గుమాస్తాకి చెప్పారు.

"ముప్ఫై ఎనిమిది మంది ఒకటే మాట చెప్పారంటే అది కాకతాళీయం కాదమ్మా," అన్నారు స్టాటిస్టిక్స్ మాస్టారు.

ఇక నోరు మూసుకుంటే చాలని పిచ్చుకకి ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. అప్పుడే మెకానిక్ ఆమె వైపు వంగి మెల్లగా అన్నాడు. "నేనే తీశానేమోనమ్మా. ఇంతమంది చదువుకున్నవాళ్ళు చెబుతున్నారు. నా బుర్రే సరిగ్గా లేదేమో."

చేయని నేరాన్ని చేశానని మనిషి నమ్మేయగలడని పిచ్చుక పుస్తకంలో చదివింది. ఆ వాక్యం కింద గీత కూడా గీసుకుంది. ఆ వాక్యంలోని మనిషి ఇలా ఎదురుగా నిలబడి తననే అడుగుతాడని మాత్రం అనుకోలేదు.

"మళ్ళీ చేసి చూపిస్తాను. అందరూ వచ్చి ఎవరి చోట్లో వాళ్ళు కూర్చోండి," అంది గట్టిగా. ఆ గొంతు ఎవరిదా అని గుమాస్తా చుట్టూ చూశాడు. అందరూ వెళ్ళి కూర్చున్నారు, వెనక బెంచీలో ప్రిన్సిపాల్ సహా.

మాస్టారు బోర్డు వైపు తిరిగి సూత్రం రాయడం మొదలుపెట్టారు. పిచ్చుక టకటకా వచ్చి, బ్యాగు తీసుకుని, టకటకా వెళ్ళింది.

"అబ్బే, అతను ఇంకా పొడుగు," అంది ఒక బెంచీ.

"కిటికీలోంచి కదా వెళ్ళింది," అంది ఇంకో బెంచీ.

మాస్టారు మాత్రం సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "ఇదే చప్పుడు. ఎడమ చెప్పు కొంచెం ఈడుస్తోంది. నేను విన్నది ఇదే." మేలుకుని ఉండి కూడా దొంగని చూడనిది ఆ గదిలో ఆయనొక్కరే. తర్వాత వెనక్కి తిరిగి, "కిటికీకి ఊచలున్నాయి కదరా," అన్నారు.

నలభై మందీ కిటికీ వైపు చూశారు. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చి తమ సంతకాల మీద అడ్డగీతలు గీసుకున్నారు. ప్రిన్సిపాల్ మెకానిక్‌ని తన పక్కన కూర్చోబెట్టుకుని, చేతులు పట్టుకుని క్షమించమన్నారు.

"పర్లేదండీ. ఇంకో పది నిమిషాలైతే నేనూ సంతకం పెట్టేసేవాణ్ణి," అన్నాడతను.

మాస్టారు బ్యాగు తీసుకుంటూ పిచ్చుకని అడిగారు. "ఇందులో నీ పేపరుందా?"

"ఉందండీ."

"ఎలా రాశావు?"

"బాగా రాయలేదండీ."

"పొద్దుట్నుంచీ నిజం చెబుతోంది నువ్వొక్కదానివే. ఇదీ నమ్ముతాను."

మేడమ్ కాగితాల కట్టతో మెట్లు దిగి వచ్చేసరికి ప్రశంసాపత్రం రద్దయింది. ఎంతకీ రాని పిచ్చుకని వెతకడానికి మేడమ్ అయిదు నిమిషాలు బయటికి వెళ్ళారు. తిరిగొచ్చాక బల్ల మీద బ్యాగు కనబడకపోయేసరికి, దాన్ని తాను స్టాఫ్ రూములోనే మరిచిపోయిన సంగతి గుర్తులేక, తాను లేనప్పుడే దొంగతనం అయిపోయి ఉంటుందనుకుని, వచ్చి వెళ్ళిన మనిషి గురించి రాయమని పిల్లలకి కాగితాలు పంచారు. ఆ గదికి అసలెవరూ రాలేదు కనక చాలామంది ఖాళీవే ఇచ్చారు. అయిదుగురు మాత్రం పేజీ నిండా రాశారు.

వాళ్ళలో ఒకతను, దొంగ వెళుతూ వెళుతూ తన భుజానికి తగిలి సారీ చెప్పాడని కూడా రాశాడు.