ఖాళీగా ఉన్న మూడో స్క్రూ

…అయినా ఆరిపోయిన ఫోన్‌ని చూస్తే కలిగే ప్రశాంతత నాకు ఇంక దేన్ని చూసినా కలగదు. నల్లటి అద్దం, అందులో నా మొహం. ఆ మొహాన్ని ఎవరూ ఏమీ అడగరు.

నవ్వకండి. ప్రతి మగాడికీ ఒక రహస్యం ఉంటుంది. కొందరికి పేకాట, కొందరికి ఇంకో ఇల్లు. నా రహస్యం ఏమిటంటే, ఆఫీసు నుంచి వస్తూ, మా ఇంటికి రెండు మలుపుల ముందు, మూతపడిన పంపుహౌస్ గట్టు మీద అరగంట కూర్చుంటాను. కూర్చుని ఏమీ చేయను.

తప్పు చేసేవాడి పనే నయం. దొరికిపోతే ఒప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఏమీ చేయనివాడు ఏమని ఒప్పుకుంటాడు?

సరిగ్గా ఆ అరగంటలోనే మా ఆవిడ ఫోన్ చేస్తుంది. "ఎక్కడున్నారు?" అన్నది ఒక్కటే ప్రశ్న. అందుకని గట్టు మీద కూర్చోగానే ఫోన్ ఆపేస్తాను. ఇంటికి వెళ్ళి "ఛార్జింగ్ అయిపోయింది" అంటాను. ఇంట్లో నేను చెప్పేవాటిలో వాదన లేకుండా చెల్లే మాట అదొక్కటే.

ఒక ఆదివారం పొద్దున్న ఆవిడ కాఫీ నా ముందు పెట్టి, దానికీ దీనికీ సంబంధం లేనట్టు అంది.

"బండికి ఛార్జింగ్ పాయింట్ పెట్టిద్దాం."

"బండి పెట్రోలుతో నడుస్తుందే."

"బండికి కాదు, మీ ఫోన్‌కి. హ్యాండిల్ దగ్గర చిన్న సాకెట్ బిగిస్తారట. వస్తున్నంతసేపూ ఎక్కుతూనే ఉంటుంది."

"వానలో తడిస్తే?"

"దానికి మూత ఉంటుంది. మాట్లాడేటప్పుడు మీ నోటికే ఉండదు."

"బండి బ్యాటరీ దెబ్బతింటుందే. చదివాను."

"ఎక్కడ చదివారు?"

"ఫోన్‌లో."

"అది ఎప్పుడూ ఆరిపోయే ఉంటుందిగా."

కాఫీ తాగేశాను. కొన్నిసార్లు ఓటమి కూడా వేడిగానే దిగుతుంది.

బండ్ల ఎలక్ట్రీషియన్‌ని మేమంతా 'అయిపోయిందండీ' అని పిలుస్తాం. పని మొదలుపెట్టకముందే ఆ మాట అంటాడు. ఆ రోజు మాత్రం నిజంగానే చిటికెలో అయిపోయింది. సాకెట్‌లో చిన్న నీలం దీపం వెలిగింది.

"ఇంక మీకు ఏ వంకా ఉండదండీ," అన్నాడు.

అదే నా బాధ అని అతనితో ఎలా చెప్పను?

మా ఆవిడ స్వయంగా ఫోన్ గుచ్చి, ఛార్జింగ్ ఎక్కుతోందని చూసుకుని, పెళ్ళిచూపుల నాటి నవ్వు నవ్వింది. ఆ నవ్వు వెనక ఏదో ఉందని అప్పుడే అనుకోవాల్సింది. పెళ్ళిచూపుల్లోనే అనుకోవాల్సింది.

మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుండగా, సామాన్ల పెట్టెలోంచి ఒక పాత స్విచ్ తీశాను. మెట్ల దగ్గర ఉండేది, కింద వేసి పైన ఆర్పుకునే రకం. పథకం చిన్నది. దాన్ని సీటు కింద దాచి, బ్యాటరీకీ సాకెట్‌కీ మధ్యన కలుపుతాను. సాయంత్రం నొక్కితే సాకెట్ చచ్చిపోతుంది. ఇంటికి వెళ్ళి "లూజ్ కాంటాక్ట్" అంటాను. ఆవిడ గుచ్చి చూసుకుంటుంది, ఎక్కదు. పొద్దున్నే మళ్ళీ నొక్కితే బతుకుతుంది. లూజ్ కాంటాక్ట్ అంటే అంతే కదా, దానికి వేళాపాళా ఉండదు.

ఆ రకం స్విచ్‌కి మూడు స్క్రూలుంటాయి. రెండింటికి తీగలు బిగించాను. మూడోది మిగిలిపోయింది.

అక్కడితో చేతులు కడుక్కుంటే సరిపోయేది. కానీ ఆ స్క్రూ, నిక్షేపంలా ఉంది, ఏ పనీ లేకుండా అలా నన్నే చూస్తూ కూర్చుంది. నాకెందుకో చిరాకేసింది. పక్కనుంచి వెళ్తున్న ఒక తీగని గీకి దానికి తగిలించాను. అప్పుడుగానీ మనసు కుదుటపడలేదు.

రోజూ అరగంట ఊరికే కూర్చోవడానికి ఇన్ని అబద్ధాలాడేవాణ్ణి, ఒక్క స్క్రూని ఊరికే కూర్చోనివ్వలేకపోయాను. మనసు లోపల ఇలాంటి తిరకాసు ఉంటుందని ఇప్పుడు తీరిగ్గా చెబుతున్నాను గానీ, అప్పుడు నా బుద్ధంతా స్క్రూడ్రైవర్ కొసన ఉంది.

సోమవారం సాయంత్రం పంపుహౌస్ దగ్గర బండి ఆపి, సీటెత్తి స్విచ్ నొక్కాను. నీలం దీపం ఆరింది. ఫోన్ ఆపేసి, బండి వైపు వీపు పెట్టి గట్టు మీద కూర్చున్నాను. మసక చీకటి పడుతోంది.

టిక్. టిక్. టిక్.

మనిషి నిజంగా ప్రశాంతంగా ఉంటే తన గుండె చప్పుడు తనకే వినిపిస్తుందని ఎక్కడో విన్నాను. నాది కాస్త రేకు చప్పుడులా ఉంది. అయినా ఇంత లోతుకి దిగానా అని గర్వపడ్డాను.

వెనకాల కారు హారన్ మోగింది. తల తిప్పాను.

"తిప్పుతారా, తిప్పరా?" అన్నాడు కారాయన.

"ఏం తిప్పాలి?"

"బండి. ఎడమకి తిరుగుతానని అప్పట్నుంచీ లైటేస్తున్నారుగా. మీరు కదిలితే వెళ్దామని ఆగాను."

బండికి ఎడమవైపు పంపుహౌస్ గోడ ఉంది. ఆ గోడ మీద పసుపు వెలుగు పడుతోంది, పోతోంది. టిక్. టిక్. నా గుండె అక్కడుంది.

ఆ మూడో స్క్రూ నాకు వెంటనే గుర్తొచ్చింది. దానికి నేను తగిలించింది ఇండికేటర్ తీగన్నమాట. సీటెత్తి స్విచ్ నొక్కేస్తే సరిపోయేది. కానీ అప్పటికే సహాయం గారు వచ్చేశారు.

ఈయన మా ఎదురింటాయన. అడక్కుండా సాయం చేస్తారు, అడిగితే పని ఉందంటారు. అందుకే ఆ పేరు.

"బండి ఆగిపోయిందా? జరగండి, సీటు తీసి చూద్దాం."

"వద్దండీ."

"ఎందుకు?"

"అలవాటు లేదు."

"ఎవరికి, సీటుకా?"

నేను సీటు మీద ఎక్కి కూర్చున్నాను. నడకకి వెళ్తున్న ఇద్దరు ఆగారు. ఒకాయన తాళం తీసేయమన్నాడు, తీసి చూపించాను. ఇంకొకాయన బల్బు పగలగొట్టమన్నాడు. కారాయన కారు దిగి, చేతులు కట్టుకుని, ఇంక ఈ రాత్రికి ఇక్కడే అన్నట్టు నిలబడ్డాడు. ఒంటరిగా ఉండాలని వెతుక్కున్న చోట నా చుట్టూ సభ కూడింది.

సహాయం గారు నా మొహంలోకి చూసి, ఇది బండి జబ్బు కాదనుకున్నట్టున్నారు. మా ఆవిడకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

"అమ్మా, మీవారి బండి కన్ను కొడుతోంది. ఎంత చెప్పినా మానట్లేదు."

"ఎవరికి?" అంది మా ఆవిడ.

"గోడకి."

"వస్తున్నా," అంది.

చేతిలో ఇంటి తాళంతో వచ్చింది. "దిగండి" అంది. దిగాను. సీటెత్తింది.

"ఇది మన మెట్ల దగ్గరి స్విచ్ కదా?" అని నొక్కింది.

టిక్ ఆగింది. నా గుండె కూడా కాసేపు ఆగింది.

సభ నిరాశగా చెదిరింది. "ఇంకేమైనా సాయం…" అన్నారు సహాయం గారు.

"ఇంటికెళ్ళండి అన్నయ్యగారూ, అదే పెద్ద సాయం."

ఇద్దరమే మిగిలాం. నేను గొంతు సవరించుకున్నాను. "చూడు, నేను చెప్పేది విను…"

"ఏం చెప్తారు? రోజూ మీ ప్యాంటు వెనకాల సున్నం దులిపేది ఎవరనుకున్నారు? ఈ చుట్టుపక్కల సున్నం రాలే గట్టు ఇదొక్కటే."

"తెలిసే ఎక్కడున్నారని అడుగుతావా?"

"ఎక్కడున్నారో తెలుసు. ఎప్పుడు లేస్తారో తెలియాలి కదా."

నాకు అర్థం కాలేదు. ఆవిడ గట్టు మీద కూర్చుంది, చీర నిండా సున్నం చేసుకుంటూ.

"రోజంతా ఆసుపత్రి కౌంటర్లో వచ్చినవాళ్ళందరికీ నవ్వుతూ జవాబులు చెప్పి ఇంటికొస్తాను. లైటు వెయ్యను. నేల మీద పడుకుని కాళ్ళు గోడకి ఆనించుకుంటాను. అంతే. ఏమీ చెయ్యను."

"వచ్చేసరికి వంటింట్లో ఉంటావే?"

"గేటు చప్పుడైతే లేచి పరుగెత్తుతాను కాబట్టి. మీరు ఫోన్ ఎత్తి, ఇంకా ఇంతసేపు పడుతుందంటే అందాకా నిశ్చింతగా ఉంటాను. మీరేమో ఆపేస్తారు. ఒక చెవి గేటుకి తగిలించుకుని పడుకోవాలి. అదేం పడక?"

"అసలు లేవడం దేనికి? నేనేమన్నా అంటానా?"

"అంటారు. ఒంట్లో బాగాలేదా అంటారు. ఏమాలోచిస్తున్నావంటారు. పోనీ సినిమాకి వెళ్దామా అంటారు. ఎవరైనా ఖాళీగా కనిపిస్తే మీకు తోచదు. ఏదో ఒకటి తగిలిస్తారు."

నేను సీటు వైపు చూశాను. కిందున్న మూడో స్క్రూ నన్ను చూస్తున్నట్టే ఉంది.

మర్నాడు పొద్దున్నే దాని తీగ విప్పేసి, టేపు చుట్టి, స్క్రూని దాని మానాన వదిలేశాను. సాయంత్రం ఫోన్ సాకెట్‌కి పెట్టే ఉంచి గట్టు మీద కూర్చున్నాను. కూర్చున్నానో లేదో చినుకులు మొదలయ్యాయి. మలుపులోనే ఇంజను ఆపేసి, బండి నెట్టుకుంటూ ఇంటికి వచ్చేశాను.

గేటు గడియ మీద చెయ్యి వేసి ఆగాను. లోపల లైటు లేదు. కిటికీలోంచి, గోడకి ఆనించిన రెండు పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి, ఏ పనీ లేకుండా.

చేతిలో ఫోన్ వణికింది.

"ఎక్కడున్నారు?"

"గట్టు మీదే," అన్నాను, వీలైనంత మెల్లగా.

"చినుకులు పడుతున్నట్టున్నాయే?"

"ఇక్కడ లేవు."

"అయితే తొందరేం లేదు."

చినుకు వానైంది. ఎదురింటి గేటు తెరుచుకుంది. సహాయం గారు గొడుగు వేసుకుని, "తాళం పోయిందా?" అని అడగడానికి నోరు తెరుస్తూ రోడ్డు దాటి వస్తున్నారు.

నేను గడియ మీంచి చెయ్యి తీసి, వేలు పెదవుల మీద పెట్టుకుని, ఆయన గొడుగు కిందికి జరిగాను.