ఇద్దరు జనరళ్ళు, ఒక సగం గోడ

ఒక్క జనరల్‌తోనే విప్లవం నడుపుకుంటున్న జనాన్ని తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. పాపం, ఏం సుఖపడ్డారు వాళ్ళు? ఒకడు చెప్తాడు, అందరూ చేస్తారు, యుద్ధం అయిపోతుంది. ఎవరి పనికి వాళ్ళు పోతారు. అదీ ఒక విప్లవమేనా!

మనం రాజుగారిని తరిమేయడానికి తుపాకులు పట్టి మూడేళ్ళయింది. మూడేళ్ళుగా మనకు ఇద్దరున్నారు. కాబట్టే యుద్ధం ఇంకా పచ్చగా ఉంది.

మేడ మీద ఉండే జనరల్‌గారిని జనం ముద్దుగా కొలబద్ద అంటారు. మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీయందే ఆయన మంచినీళ్ళు కూడా ముట్టరు. కిందటేడు దాడికి టైమ్‌టేబుల్ వేసి, నిమిషాలతో సహా అచ్చు కొట్టించారు. శత్రువు ఆ టైముకి రాలేదని సైన్యాన్ని వెనక్కి తీసుకొచ్చేశారు.

కింది అంతస్తులో ఉండేది దూకుడుగారు. మ్యాపు చూసేవాడు పిరికివాడని ఆయన నమ్మకం. అందుకే మొన్న చలికాలంలో గుర్రమెక్కి, కత్తి దూసి, మన మందుగుండు లారీ మీదికే దాడి చేశారు. గెలిచారు కూడా!

ఇద్దరికీ ఆఫీసు ఒకటే, పాత కోర్టు బిల్డింగు. గుమ్మమూ ఒకటే. ఎదురుపడితే ముందు ఎవరు సెల్యూట్ కొట్టాలో ఇంతవరకూ తేలలేదు. అందుకని పైనుంచి బూట్ల చప్పుడు వినిపిస్తే చాలు, దూకుడుగారు కిటికీలోంచి బయటికి దూకేస్తారు. ఒంటి జనరల్ ఉన్న దేశంలో నాయకులకు ఇంత వ్యాయామం దొరుకుతుందా?

ఇక ఉపాధి మాటంటారా? మా బావనే చూడండి. మా అక్క మొగుడు, తాపీమేస్త్రీ. శత్రువు రాకుండా వంతెనకి ఇవతల ఆరడుగుల గోడ కట్టమని కొలబద్దగారు ఆర్డరేశారు. బావ కట్టాడు. అడ్డంగా గోడ ఉంటే మన లారీలు దాడికెలా పోతాయని దూకుడుగారు మండిపడి పడగొట్టమన్నారు. బావ పడగొట్టాడు. పొద్దున కట్టడం, మధ్యాహ్నం కూల్చడం. నాలుగు నెలలపాటు బావ తాపీ కింద పెట్టిన పాపాన పోలేదు!

"నేను కట్టిన గోడ రెండు పూటలు నిలబడ్డం లేదురా. మేస్త్రీనని చెప్పుకోడానికి సిగ్గేస్తోంది" అనేవాడు బావ. చేతినిండా పని ఉన్నవాళ్ళు ఎప్పుడూ ఇలాగే సణుగుతారు.

పోయిన వారం, మధ్యాహ్నం పన్నెండున్నరకి శత్రువు వచ్చాడు. అప్పటికి బావ గోడని సగం కూల్చాడు. మూడడుగులు మిగిలింది. వంతెన అవతల కాపలా ఉన్న మనవాళ్ళకి సాయం పోవాల్సిన లారీలు ఆ మూడడుగులు దాటలేక ఇవతలే ఆగిపోయాయి. వాళ్ళని చంపి వచ్చిన శత్రుసైనికులు మాత్రం కాలెత్తి దాటేసి, మన తిండిగింజలు ఎత్తుకుని తాపీగా పోయారు. మనవాళ్ళు పదకొండుమంది చనిపోయారండీ. నేను బడిపంతులుగా ఉన్నప్పుడు అందులో ఇద్దరి చేత అక్షరాలు దిద్దించాను. ఇక్కడ నవ్వడానికేమీ లేదు. నాకు ఏడుపొస్తోంది.

తప్పెవరిది? అది తేల్చడానికి జనరళ్ళిద్దరూ మూడేళ్ళలో మొదటిసారి ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఒకరి మాటకి ఒకరు తలూపారు. గంట తిరక్కుండా ఒకే ఆర్డరు మీద రెండు సంతకాలు పడ్డాయి. గోడని సగంలో ఉంచిన తాపీమేస్త్రీ ద్రోహి అట! ఎల్లుండి పొద్దున్నే అతన్ని కాల్చెయ్యాలట!

నిలబెట్టి కాల్చడానికి గోడ కావాలి కదా? మిగతా మూడడుగులూ బావ చేతే కట్టిస్తున్నారు. ఈసారి పడగొట్టమనేవాడు లేడు.

ఐక్యత అంటే అదీ! ఊరంతా చప్పట్లు. ఇద్దరూ కావలించుకున్న ఫొటో మా పత్రిక మొదటి పేజీలో వేసింది. అక్క ఆ పేజీ తెచ్చి నా మొహాన కొట్టింది.

"వాళ్ళు కొట్టుకున్నన్నాళ్ళూ నా మొగుడు సాయంత్రానికి ఇంటికొచ్చాడురా. ఇప్పుడు కలిశారు. ఇన్నేళ్ళుగా రాస్తున్నావు కదా, ఏదో ఒకటి చెయ్యి!"

నేనేం చెయ్యగలను? మామూలు కాలమిస్టుని. జనరళ్ళిద్దరూ రోజూ నా కాలమ్ చదువుతారనీ, పైన ఒకరు, కింద ఒకరు విడివిడిగా చదువుతారనీ తెలుసు. అంతకుమించి పెద్దవాళ్ళ వ్యవహారాలు నాకెందుకు?

కోర్టు నోటీసు బోర్డు మీద ఆ ఆర్డరు నేనూ చూశాను. కళ్ళకద్దుకున్నాను. చిన్న సందేహం మాత్రం మిగిలింది. కాల్చేది 'పొద్దున్నే' అని రాశారు. గంట లేదు, నిమిషం లేదు. కొలబద్దగారి ఆర్డరులోకి ఇంత అశ్రద్ధ ఎలా దూరింది? ఆ వాక్యం రాసింది కింది అంతస్తువారేనని నలుగురూ అనుకుంటున్నారు. నేను నమ్మలేదు.

ఇక సంతకాలు. కొలబద్దగారిది పైన, నిండుగా, బారుగా ఉంది. దూకుడుగారిది అడుగున, ఓ మూలకి ఒదిగి ఉంది.

ఊరికే అడుగుతున్నాను. దూకుడుగారిని ఆ మూల సంతకం పెట్టమన్నది ఎవరండీ?