సమ్మె లేదన్న సెక్రటరీ

శుక్రవారం లేస్తూనే అడొమాకో ఒక్కటే అనుకున్నాడు. ఆఫీసులో సెలవు చీటీ ఇచ్చేసి, ఎనిమిదింటి బస్సెక్కి అసాంక్రోమ్ చేరాలి. అక్కడి మార్చురీలో పదకొండింటికి అక్క పెట్టెకు మూత వేస్తారు. ఆలోపు ఆమె ముఖం ఒక్కసారి చూసుకోవాలి. కిందటిసారి పోట్లాడి, వెనక్కి తిరిగైనా చూడకుండా వచ్చేశాడు. "నీ యూనియన్ వల్ల నాకు ఒక్కనాడైనా మేలు జరిగిందా?" అని అక్క వాకిట్లోంచి అరిచిన అరుపు ఇంకా చెవిలోనే ఉంది.

తోబుట్టువు పోయింది గనుక తలకు ఎర్రగుడ్డ కట్టుకున్నాడు. వాళ్ల దేశంలో చావుకూ ఎరుపే, సమ్మెకూ ఎరుపే. కుమాసీ శివారు నీళ్ల ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా యూనియన్ సెక్రటరీగా ఉన్న మనిషికి ఆ పొద్దున ఆ సంగతే తట్టలేదు.

గేటు కాపలా ఇసాకా ఆ ఎర్రగుడ్డ చూడగానే ఈల వేశాడు. పైపులు బిగించేవాళ్లు రెంచీలు కింద పడేసి, దొరికిన ఎరుపల్లా చింపి తలలకు చుట్టుకున్నారు. క్యాంటీన్ కర్టెన్లు రెండూ పోయాయి.

"సమ్మె లేదర్రా! పనికి పొండి!" అని మొత్తుకున్నాడు అడొమాకో.

ఫిట్టరు న్సియా కన్ను గీటాడు. "అలాగే అన్నా. లేదు."

మేనేజరు మనుషులు వింటుంటారని, ప్రతి సమ్మెకూ ముందు అలాగే అరవడం వాళ్లకు నేర్పింది అడొమాకోనే.

వెనక్కి తిరిగేసరికి గేటుకు తాళం పడింది.

"తియ్యరా ఇసాకా. మా అక్క పోయింది."

"సమ్మె రోజు ఎవరూ బయటికి పోకూడదని రూలు పెట్టిందెవరు?"

"నేనే."

"సెక్రటరీ అయినా సరే అన్నదెవరు?"

"నేనేరా బాబూ!"

"పోయిన సమ్మెలో మీ అత్తగారు పోయారన్నారు. నిన్న బజార్లో ఆవిడే నాకు చేపలమ్మింది."

అడొమాకో మేడమెట్ల వైపు తిరిగాడు. మేనేజరు క్వాన్సా కాళ్ల మీద పడదామని పైకి పరుగెత్తాడు.

"ఏం కావాలయ్యా నీకు?"

"ఏమీ వద్దు సార్. నన్ను పోనివ్వండి చాలు."

క్వాన్సాకు చెమటలు పట్టాయి. ఈ మనిషి ఏమీ వద్దన్న రోజు ఇరవై రెండేళ్లలో లేదు. "బూట్లిస్తాను."

"బూట్లెందుకు సార్ ఇప్పుడు!"

"చేతి తొడుగులు కూడా."

అడొమాకో గోడ గడియారం చూసి ఏడ్చేశాడు. ఆ ఏడుపు చూసి క్వాన్సా హడలిపోయి, ఏడేళ్లుగా సొరుగులో పడున్న, పనివాళ్లకు బూట్లివ్వాలన్న కాగితం తీసి సంతకం పెట్టేశాడు.

కాగితం చూశాక గానీ ఇసాకా తాళం తియ్యలేదు. బస్సు ఎప్పుడో పోయింది. జనం జేజేలు కొడుతూ సెక్రటరీని నీళ్ల లారీ ఎక్కించారు. మార్చురీ చేరేసరికి పన్నెండయింది. ఎర్రబట్టల చుట్టాలంతా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు.

"అయిపోయిందా మామయ్యా?" అన్నాడు లారీ దిగుతూనే.

పెద్ద మేనమామ చేతికర్ర ఎత్తాడు. "ఏమిటిరా అయ్యేది! నువ్వు సమ్మె మొదలెట్టావని పొద్దున రేడియోలో చెప్పారు. మార్చురీ వాళ్లు నీకు మద్దతుగా తలుపుకు తాళం వేసుక్కూర్చున్నారు. మీ అక్క ఇంకా లోపలే ఉంది!"

అడొమాకో పరుగెత్తాడు. "సమ్మె లేదు! తలుపు తియ్యండి!"

"అలాగే సెక్రటరీగారూ," అని కన్ను గీటి, వాళ్లు రెండో తాళం కూడా వేశారు.

చివరికి బూట్ల కాగితం చూపించి, "గెలిచాం" అన్నాక తలుపు తెరుచుకుంది. అక్క తల దగ్గర అతను చాలాసేపు నిలబడ్డాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

అక్కకు యూనియన్ చేసిన మేలు అదొక్కటే. ఒప్పుకున్నట్టు మాత్రం ఆమె ముఖంలో ఎక్కడా కనబడలేదు.