మాయమైన ముప్ఫై శాతం

"నేరస్థుడు ఎంత తెలివైనవాడైనా నా చూపు నుంచి తప్పించుకోలేడు. వాడు నిద్రపోతున్నప్పుడు కూడా నా బుర్ర డ్యూటీలోనే ఉంటుంది!"

ఆఫీసంతా వినబడేలా ఈ ప్రకటన చేసి భూతద్దం కుర్చీలో వెనక్కి వాలాడు. కుర్చీ ఆయనకంటే ఇంకాస్త ఎక్కువ వాలింది. బామ్మర్ది పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ లేపి నిలబెట్టాడు.

భూతద్దం ఉద్యోగం సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడం. అది వృత్తి. ప్రవృత్తి మాత్రం అపరాధ పరిశోధన. జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం పెట్టుకు తిరుగుతాడు కాబట్టి ఆ పేరే స్థిరపడింది. ఇంతవరకు ఆయన ఛేదించిన కేసులు రెండు. ఒకటి పోయిన స్టేప్లర్, రెండోది పోయిన తన కళ్లజోడు. కళ్లజోడు ఆయన నెత్తిమీదే దొరికింది. బామ్మర్ది ఆయన భార్యకు తమ్ముడు, అదే ఆఫీసులో ఇంజినీరు. "బామ్మర్దీ!" అని ఆయన రోజుకు పాతికసార్లు కేకేస్తుంటే, చివరికి మేనేజరు కూడా ఆ కుర్రాడిని అలాగే పిలవడం మొదలుపెట్టాడు.

ఆ ఆఫీసులో తయారయ్యేది ఆస్పత్రులకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్. రోగి బరువు కొడితే మందు ఎంత ఎక్కించాలో నర్సుకు చెబుతుంది. ఆ సాయంత్రం నాలుగింటికి అది మొట్టమొదటిసారి పిల్లల వార్డుకు వెళ్లాలి.

బామ్మర్ది వారం రోజులు కూర్చుని బిల్డ్‌కు కవరేజ్ రిపోర్టు జోడించాడు. బిల్డ్ అంటే, అందరూ రాసిన ప్రోగ్రాము ముక్కల్ని ఒకచోట చేర్చి, పరీక్షలు నడిపి, సరుకు సిద్ధం చేసే ఏర్పాటు. ఇన్నాళ్లూ అది పరీక్షలు పాసయ్యాయా లేదా అన్నది మాత్రమే చెప్పేది. ఇప్పుడు ఆ పరీక్షలు ప్రోగ్రాములో ఏ లైన్లను తాకాయో, ఏ లైన్ల జోలికే పోలేదో కూడా చెబుతుంది. తాకినవి ఆకుపచ్చ, తాకనివి ఎరుపు. ఆకుపచ్చ తొంభై శాతం దాటుతుందని మేనేజరు ఆస్పత్రివాళ్లకు ముందే మాటిచ్చేశాడు. ఆ ఉదయం మొదటి రిపోర్టు వచ్చింది.

అరవై ఒకటి.

"పిల్లల డోసు లెక్కంతా ఎర్రగా ఉందేంటి?" అన్నాడు మేనేజరు.

"అంటే... దాన్ని ఒక్క పరీక్ష కూడా తాకలేదని సార్." బామ్మర్ది గొంతు చివరికొచ్చేసరికి సన్నబడిపోయింది.

ఆ లెక్క రాసింది మేడమ్. ఆఫీసులో అందరికంటే సీనియర్. బామ్మర్ది చేరిన కొత్తలో పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పిందీ ఆవిడే.

"నలభై రెండు పరీక్షలు రాశాను. ఏడాది కిందట, ఈ చేత్తోనే," అంది మేడమ్. "రాయలేదంటావా?"

"మీరు రాయలేదని కాదు మేడమ్, రిపోర్టులో..."

"అయితే నీ రిపోర్టే తప్పు."

మేనేజరు గడియారం చూసుకున్నాడు. "మూడింటి వరకు టైమిస్తున్నా. తేలకపోతే ఆ రిపోర్టు పీకి పారేసి, పాత పద్ధతిలోనే పంపించేద్దాం."

మేడమ్ తన సీటుకు వెళ్లిపోయింది. బామ్మర్ది మొహం వంక మళ్లీ చూడలేదు.

అప్పుడు రంగప్రవేశం చేశాడు భూతద్దం.

"ఒరేయ్ బామ్మర్దీ, కవరేజ్ రిపోర్టంటే ఎవరు దేన్ని కవర్ చేస్తున్నారో బయటపెట్టేదేగా?"

"అది కాదు బావా..."

"ముప్ఫై శాతం మాయం! ఉన్న లైన్లన్నీ నెత్తుటి మడుగులో!"

"నెత్తురు కాదు బావా. రంగు."

"రంగని నువ్వంటున్నావు. హంతకుడూ అదే అంటాడు."

బామ్మర్దికి వాదించే ఓపిక లేదు. అదే మంచి అవకాశమనుకుని భూతద్దం నోట్‌బుక్కు తీసి విచారణ మొదలుపెట్టాడు. మొదట దొరికింది నేల తుడిచే ఆవిడ.

"నిన్న ఇక్కడ అనుమానాస్పదంగా ఏమైనా లైన్లు కనిపించాయా?"

"చీమల లైనొకటి కనబడింది బాబూ."

"ఏం చేశావ్?"

"తుడిచేశా."

"తుడిచేసింది! సాక్ష్యాలు తుడిచేసింది!" అని నోట్‌బుక్కు చిరిగేంత గట్టిగా రాసుకున్నాడు. ఆవిడ ఆయన బూట్ల మీదుగా తడిగుడ్డ ఓసారి లాగి ముందుకు పోయింది.

తర్వాత మేనేజరు. "నిన్న సాయంత్రం ఐదింటికి తమరెక్కడున్నారు?"

"మీ సీటు దగ్గర. పుస్తకం ఎంతవరకు వచ్చిందో అడుగుదామని వచ్చాను. మీరు లేరు."

ఆ వాంగ్మూలాన్ని భూతద్దం రాసుకోలేదు.

బామ్మర్ది మాత్రం కదలకుండా కూర్చుని వెతుకుతూనే ఉన్నాడు. మేడమ్ పరీక్షల ఫైలును వెతికి తెరిచాడు. నలభై రెండూ ఉన్నాయి. ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. ఎంత శ్రద్ధగా రాసిందో కూడా కనబడుతోంది. మళ్లీ బిల్డ్ నడిపాడు. అరవై ఒకటి. తను జోడించినదంతా మొదటి నుంచి చదివి ఇంకోసారి నడిపాడు. అదే అరవై ఒకటి. రెండున్నరైంది. అవతల మేడమ్ బల్లమీద ముట్టని కాఫీ చల్లారిపోయింది. రిపోర్టు పీకేసి ఆవిడకు సారీ చెప్పేస్తే ఈ గొడవ ఇక్కడితో వదిలిపోతుంది కదా అని ఒక క్షణం అనిపించింది కూడా. కానీ ఆ ఎరుపు అతన్ని వదల్లేదు.

సరిగ్గా అప్పుడే భూతద్దం తుది నిర్ణయానికొచ్చాడు. ఇంట్లో దొంగ ఇంట్లోనే ఉంటాడు. రిపోర్టు తయారుచేసింది ఎవరు? బామ్మర్ది. పొద్దుటి నుంచి చెమటలు కారుస్తున్నది ఎవరు? బామ్మర్ది! సొంత భార్య తమ్ముడైనా సరే, చట్టం ముందు అందరూ సమానమే. కోటు కాలరు పైకెత్తి, మునివేళ్ల మీద వెనకనుంచి వచ్చి, "లొంగిపో!" అని అరవబోయాడు.

'లొం' వరకే వచ్చింది. చెత్తబుట్టలో కాలు పడి, ఆయన బుట్టతో సహా వచ్చి బల్లమీద బోర్లా పడ్డాడు. మోచెయ్యి మౌస్‌కు టక్కున తగిలింది. తెరమీద ఉన్న ఫైళ్ల పట్టిక తలకిందులై, అట్టడుగున ఉన్న ఫైలు అన్నిటికంటే పైకొచ్చి కూర్చుంది.

బామ్మర్ది దానివంక చూశాడు. దానికింద వరుసగా నూటయాభై ఫైళ్లు, అన్నిటి పేర్లూ 'టెస్ట్' అనే మొదలవుతున్నాయి. పైనున్న ఒక్కటే వేరు.

"నడుం విరిగిందిరా!"

"బావా, కదలకు!"

"లేపరా ముందు..."

"కదలకన్నానా! మౌస్ నీ చేతికిందే ఉంది!"

పేరు 'టెస్ట్' అని మొదలైన ఫైళ్లనే బిల్డ్ పరీక్షలుగా నడుపుతుంది. మేడమ్ ఫైలు పేరు 'టెక్స్ట్' అని మొదలైంది. "ఎస్ ఉండాల్సిన చోట ఎక్స్ పడింది!" అని బామ్మర్ది పైకే అనేశాడు. ఏడాదిగా బిల్డ్ ఆ నలభై రెండు పరీక్షల్ని ఒక్కసారి కూడా పిలవలేదు. పిలవనివి ఫెయిలవ్వవు కాబట్టి ఏడాదిగా అంతా పాసే.

బామ్మర్ది ఒక్క అక్షరం దిద్ది బిల్డ్ నడిపాడు. మేడమ్ ఎప్పుడొచ్చిందో, వెనక నిలబడి ఉంది. ఎరుపు లైన్లు కిందనుంచి పైకి ఆకుపచ్చగా మారాయి. తొంభై మూడు శాతం. కానీ ఈసారి బిల్డ్ పాస్ అనలేదు. మూడు పరీక్షలు ఫెయిలయ్యాయి.

మూడు కిలోలలోపు బిడ్డలకు డోసు రెండింతలు చూపిస్తోంది.

తప్పు లెక్క చెబుతున్న లైనును ఎవరు మార్చారో బామ్మర్ది పాత మార్పుల చిట్టా తిరగేసి చూశాడు. ఐదు నెలల కిందట. పక్కన తన పేరే ఉంది. ఆరోజు బిల్డ్ పాసైందని నిశ్చింతగా ఇంటికి వెళ్లిన సంగతి గుర్తొచ్చింది.

"ఇది మార్చింది నేనే మేడమ్."

"ఫైలుకు ఆ పేరు పెట్టింది నేను," అంది మేడమ్. "రాసిన రోజు విడిగా నడిపి చూశాను, అన్నీ పాసయ్యాయి. ఇక బిల్డ్‌లోనూ నడుస్తున్నాయనే అనుకున్నా. అనవసరంగా నీ రిపోర్టే తప్పన్నాను, ఏమనుకోకు." అతని భుజంమీద ఒక్కసారి చెయ్యి వేసి, నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లింది. "చంటిపిల్లలకు డోసు రెండింతలు చూపిస్తోంది. ఇవాళ ఏదీ వెళ్లడానికి వీల్లేదు."

"ఆస్పత్రివాళ్లకు ఏం చెప్పమంటారండీ?"

"ఉన్నదే చెప్పండి. మీకు మొహమాటమైతే ఫోన్ ఇటివ్వండి."

మేనేజరు ఒకసారి బయట బామ్మర్ది తెరవైపు, ఒకసారి ఆవిడ మొహంవైపు చూసి, తనే ఫోన్ అందుకున్నాడు.

ఇంతలో భూతద్దం లేచి, కాలికున్న చెత్తబుట్ట ఊడదీసుకుని, కోటు సర్దుకున్నాడు. "నేను కావాలనే పడ్డాను. పొద్దున్నే నాకు అంతా తెలుసు."

"అయితే నేరస్థుడెవరండీ?" అని అడిగింది గదిలోంచి తిరిగొస్తున్న మేడమ్.

భూతద్దం అందరి మొహాలూ కలియజూశాడు. ఇందాక బల్లమీద బోర్లా పడి ఉండగా చెవినపడ్డ ముక్క ఒకటి తట్టింది. "ఎక్స్!" అన్నాడు గంభీరంగా.

"కరెక్టేనండీ," అంది మేడమ్.

భూతద్దం ఛాతీ ఉబ్బింది. ఆ తర్వాత బామ్మర్దిని పక్కకు లాగి, చెవిలో గుసగుసగా అడిగాడు.

"ఇంతకీ ఆ ఎక్స్ అనేవాడు ఏ సీట్లో కూర్చుంటాడ్రా?"

ఆయన గుసగుస ఎప్పటిలాగే ఆఫీసంతా వినబడింది. పొద్దుటినుంచి బిగుసుకుపోయి ఉన్న మేడమ్ పకపకా నవ్వింది. బామ్మర్ది మాత్రం నవ్వాలో, ఏడవాలో, బావను ఇంటికి పంపించాలో తేల్చుకోలేక, ఫెయిలైన మూడు పరీక్షల్లో మొదటిది తెరిచి పనిలో పడ్డాడు.